ఫ్లూ మరణాలను ఎలా లెక్కించాలి: మరణ పత్రం నుంచి అదనపు మరణాల దాకా

2009లో హెచ్1ఎన్1 ఫ్లూ ప్రపంచమంతా పాకినప్పుడు, ల్యాబ్‌లో నిర్ధారణ అయి ప్రపంచ ఆరోగ్య సంస్థకు చేరిన మరణాలు సుమారు 18,500. మొదటి ఏడాది మరణాలను 2012లో గణిత నమూనాలతో అంచనా వేస్తే 1.5 లక్షల నుంచి 5.75 లక్షల మధ్య తేలాయి. రెండూ తప్పుడు లెక్కలు కావు. మొదటిది పరీక్ష చేయించుకుని, వైరస్ దొరికి, ఆ సంగతి పైవరకూ చేరినవాళ్ల లెక్క. రెండోది ఫ్లూ రాకపోయి ఉంటే బతికి ఉండేవాళ్ల అంచనా. ఒక రాష్ట్రానికో, జిల్లాకో, దేశానికో ఫ్లూ మరణాల సంఖ్య కట్టాల్సిన పని మీ మీద పడితే, ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకోకుండా పట్టిక తెరవకండి.

మొదట ప్రశ్నను ఒక వాక్యంలో రాసుకోండి

ఆ వాక్యంలో నాలుగు విషయాలు ఉండాలి: ఏ జనాభా, ఏ వారం నుంచి ఏ వారం దాకా, ఏ వయసులు, ఏ రకం మరణం. నాలుగోదే కష్టం. "మరణ పత్రంలో ఫ్లూ మూల కారణంగా ఉన్నవి" అన్నది ఒక ప్రశ్న. "మరణ పత్రంలో ఫ్లూ ఎక్కడైనా కనిపించినవి" ఇంకొకటి. "ఫ్లూ సీజన్‌లో మామూలు కన్నా ఎక్కువగా జరిగినవి" మూడోది. ఒకదానికి వచ్చిన జవాబును ఇంకొకదాని కింద వేయడం వల్లే ఈ రంగంలో ఎక్కువ గందరగోళం పుడుతుంది.

సీజన్ హద్దులూ ఇప్పుడే రాసుకోండి. ఉత్తరార్ధగోళంలో సాధారణంగా 40వ వారం (అక్టోబర్ మొదట్లో) నుంచి లెక్క మొదలవుతుంది. క్యాలెండర్ ఏడాది ప్రకారం కోస్తే జనవరి దగ్గర ఒకే సీజన్ రెండు ముక్కలై, రెండు వేర్వేరు సీజన్ల మరణాలు ఒకే ఏడాదిలో కలిసిపోతాయి.

మరణ పత్రాన్ని కింది నుంచి పైకి చదవండి

అంతర్జాతీయ నమూనాలో మరణ కారణానికి రెండు భాగాలు ఉంటాయి. మొదటి భాగంలో మీద (ఎ) దగ్గర ప్రాణం తీసిన తక్షణ కారణం, దాని కింద (బి), (సి), (డి) దగ్గర దానికి దారితీసినవి వరుసగా వస్తాయి. నింపిన గీతల్లో అట్టడుగున ఉన్నదే మూల కారణం, అంటే మరణం వైపు నడిపించిన వరుసను మొదలుపెట్టిన జబ్బు. రెండో భాగంలో ఆ వరుసలో లేకపోయినా మరణానికి తోడైన జబ్బులు రాస్తారు. ప్రతి గీత పక్కన ఆ జబ్బు మొదలై ఎన్నాళ్లయిందో ఉండాలి.

సరిగ్గా నింపిన పత్రం ఇలా ఉంటుంది:

(ఎ) తీవ్ర శ్వాస వైఫల్యం – 2 రోజులు
(బి) స్టెఫైలోకాకస్ న్యుమోనియా – 5 రోజులు
(సి) ఇన్‌ఫ్లుయెంజా ఎ, ల్యాబ్ నిర్ధారణ – 9 రోజులు
రెండో భాగం: మధుమేహం – 12 ఏళ్లు

ఇందులో మూల కారణం ఇన్‌ఫ్లుయెంజా, అంటే ఫ్లూ. రోజులు కింది నుంచి పైకి 9, 5, 2 అని తగ్గుతూ రావడం గమనించండి. వరుస సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. పైగీతలో 9, కిందిగీతలో 2 ఉంటే ఎవరో తలకిందులుగా రాశారన్నమాట.

ఇదే మనిషి పత్రంలో (సి) గీత ఖాళీగా వదిలేస్తే మరణం న్యుమోనియా ఖాతాలో పడుతుంది. (బి) కూడా వదిలేస్తే మిగిలేది శ్వాస వైఫల్యం ఒక్కటే. "గుండె ఆగిపోయింది" అని మాత్రమే రాస్తే లెక్కకు పనికొచ్చేది ఏమీ లేదు, ప్రతి మరణంలోనూ గుండె ఆగుతుంది.

ఫ్లూ ఈ పత్రం మీద కనిపించకుండా పోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. పెద్దవాళ్లలో వైరస్ ఎక్కువగా దొరికేది జబ్బు మొదలైన తొలి మూడు నాలుగు రోజుల్లో. న్యుమోనియా ముదిరి ఆస్పత్రికి వచ్చేసరికి వారం దాటుతుంది, అప్పుడు తీసిన శాంపిల్‌లో వైరస్ ఉండకపోవచ్చు. ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టులు నిజంగా ఫ్లూ ఉన్నవాళ్లలో 50 నుంచి 70 శాతం మందినే పట్టుకుంటాయి, పీసీఆర్ అంతకన్నా ఎంతో నయం. పైగా చాలా మరణాలు ఊపిరితిత్తుల దగ్గర ఆగవు. కెనడాలోని ఒంటారియోలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఫ్లూ నిర్ధారణ అయిన తొలి ఏడు రోజుల్లో గుండెపోటు అవకాశం మిగతా రోజులతో పోలిస్తే ఆరు రెట్లు ఉందని తేలింది. అలా పోయిన మనిషి పత్రం మీద గుండెపోటు ఉంటుంది. దాని కింద ఫ్లూ అని రాయాలని ఎవరికీ తట్టదు.

అందుకే మీ పట్టికలో రెండు నిలువు వరుసలు పెట్టండి: ఫ్లూ మూల కారణంగా ఉన్నవి, ఫ్లూ ఎక్కడైనా ప్రస్తావనకు వచ్చినవి. క్యాన్సర్ రోగికి చివరి వారంలో ఫ్లూ సోకి రెండో భాగంలో రాస్తే ఆ మరణం రెండో వరుసలో మాత్రమే కనిపిస్తుంది.

కోడ్‌లతో వెతకండి, పదాలతో వెతికితే జాగ్రత్త

జబ్బులకు అంతర్జాతీయ కోడ్‌ల జాబితా అయిన ఐసీడీ-10లో ఫ్లూ కోడ్‌లు మూడు. జంతువుల నుంచి వచ్చిన లేదా మహమ్మారి రకం వైరస్ గుర్తిస్తే జె09, సీజనల్ వైరస్ గుర్తిస్తే జె10, వైరస్‌ను గుర్తించకుండా లక్షణాలను బట్టి ఫ్లూ అని రాస్తే జె11. న్యుమోనియాలు జె12 నుంచి జె18 దాకా. జె09 నుంచి జె18 మొత్తం కలిపితే "న్యుమోనియా, ఇన్‌ఫ్లుయెంజా" అనే పాత కొలత వస్తుంది. ఇంకా వెడల్పు వల కావాలంటే శ్వాసకోశ జబ్బులన్నీ (జె00–జె99), వాటికి తోడు గుండె, రక్తనాళాల జబ్బులు (ఐ00–ఐ99). అన్నిటికన్నా పెద్ద వల, కారణం చూడకుండా మొత్తం మరణాలు.

కోడింగ్ ఇంకా పూర్తికాని పత్రాల్లో పదాలతో వెతకాల్సి వస్తే మూడు ఉచ్చులున్నాయి. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనేది బ్యాక్టీరియా, దాని న్యుమోనియా కోడ్ జె14. పారాఇన్‌ఫ్లుయెంజా వేరే వైరస్. "స్టమక్ ఫ్లూ" అసలు ఫ్లూయే కాదు. "ఇన్‌ఫ్లు" అన్న అక్షరాలతో వెతికితే మొదటి రెండూ, "ఫ్లూ" అని వెతికితే మూడోదీ మీ సంఖ్యలో చేరిపోతాయి.

మీ దగ్గర ల్యాబ్ పాజిటివ్‌ల జాబితా ఉంటే దాన్ని మరణాల రిజిస్టర్‌తో తప్పకుండా జతచేసి చూడండి. ల్యాబ్ ఫలితం రాకముందే సంతకమైన పత్రాలు ఇక్కడ బయటపడతాయి. పరీక్ష తేదీ నుంచి 28 లేదా 30 రోజులు అని ముందే హద్దు పెట్టుకుని, ప్రమాదాలు, గాయాల వంటి బయటి కారణాల మరణాలను తీసేయండి. పిల్లల విషయంలో ఇంకా కచ్చితంగా పోవచ్చు. అమెరికాలో 2004 నుంచి 18 ఏళ్లలోపు పిల్లల ఫ్లూ మరణాన్ని ప్రతి ఒక్కదాన్నీ విడిగా నివేదిస్తారు. నిబంధనలు రెండు: ల్యాబ్ నిర్ధారణ ఉండాలి, జబ్బుకూ మరణానికీ మధ్య పూర్తిగా కోలుకున్న కాలం ఉండకూడదు. పెద్దవాళ్ల మరణాలకు అక్కడ అలాంటి ఒక్కొక్క లెక్క లేదు. వేలల్లో వినిపించేవన్నీ అంచనాలే.

వారాల పట్టిక తయారుచేయండి

కనీసం ఐదేళ్ల మరణాలను వారాల వారీగా పేర్చండి. తేదీగా మరణించిన రోజునే తీసుకోండి, రిజిస్టరైన రోజును కాదు. వరుస సెలవులొచ్చిన వారంలో రిజిస్ట్రేషన్లు పడిపోయి మరుసటి వారం ఎగుస్తాయి. ఆ ఎగుడును ఫ్లూ అనుకునే ప్రమాదం ఉంది.

వారం ఏ రోజు మొదలవుతుందో అన్ని ఫైళ్లలోనూ సరిచూడండి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వారం సోమవారంతో, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారం ఆదివారంతో మొదలవుతాయి. మరణాలు ఒక పద్ధతిలో, వైరస్ లెక్కలు మరో పద్ధతిలో ఉంటే ఒక రోజు తేడా వస్తుంది. కొన్నేళ్లలో వారం సంఖ్యే తేడా పడుతుంది, అప్పుడు ఆరు రోజుల తేడా వస్తుంది.

చివరి నాలుగైదు వారాల సంఖ్యలు ఎప్పుడూ తక్కువగా కనిపిస్తాయి, నివేదికలు ఇంకా దారిలో ఉంటాయి కాబట్టి. వాటితో "ఫ్లూ తగ్గుముఖం పట్టింది" అని రాయకండి. పాత నెలల్లో ఒక వారం మరణాల్లో ఎంత శాతం ఎన్ని వారాలకు చేరిందో చూసి ఆ నిష్పత్తితో సవరించండి, లేదా ఆ వారాలను గీతలో చుక్కలుగా చూపించండి.

ఫ్లూ లేకపోతే ఎన్ని మరణాలు ఉండేవో గీయండి

ఈ మొత్తం పనికి గుండెకాయ ఇదే. 1847లో లండన్‌లో ఫ్లూ వ్యాపించినప్పుడు, ఇంగ్లండ్ రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో గణాంకాలు చూసిన విలియం ఫార్, ఆ కాలానికి మామూలుగా ఉండే మరణాలను మొత్తంలోంచి తీసేసి మిగిలిన దాన్ని పట్టుకున్నారు. ఫ్లూ అని రాసిన మరణాల కన్నా ఆ మిగులు ఎన్నో రెట్లు పెద్దది. 1963లో రాబర్ట్ సెర్ఫ్లింగ్ ఆ ఆలోచనకు గణిత రూపం ఇచ్చారు. ఈనాటికీ మొదలుపెట్టాల్సింది అక్కడే.

సమీకరణంలో మూడు రకాల పదాలు ఉంటాయి: ఒక స్థిర సంఖ్య, ఏళ్లు గడిచేకొద్దీ జనాభాతో మారే సరళరేఖ, ఏడాదికొకసారి పైకీ కిందికీ వెళ్లే సైన్, కొసైన్ జత. ఈ జతలో కోణం 2 × π (పై) × వారం సంఖ్య ÷ 52.18. ఏడాదిని 52 వారాలుగా వేసుకుంటే గీత కొన్నేళ్లకు సీజన్ నుంచి పక్కకు జరిగిపోతుంది, అందుకే ఆ .18.

ఈ గీతను ఏ వారాల మీద సరిపెట్టాలి అన్నది అసలు మెలిక. ఫ్లూ ఉధృతంగా ఉన్న వారాలను కూడా కలిపితే గీత తనంతట తానే పైకి లేస్తుంది, అదనపు మరణాలు మాయమవుతాయి. కాబట్టి ఆ వారాలను తీసేసి మిగిలిన వాటి మీదే సరిపెట్టాలి. యూరప్ దేశాల మరణాలను గమనించే యూరోమోమో, వేసవి ఎండలూ శీతాకాలపు ఫ్లూ రెండూ తగలని వసంత, శరదృతువుల వారాలను మాత్రమే ఇందుకు వాడుతుంది. 2020, 2021 ఏళ్లను కళ్లు మూసుకుని కలపకండి. కోవిడ్ మరణాలు గీతను పైకి లాగుతాయి. 2020–21 శీతాకాలంలోనేమో ఫ్లూ దాదాపు లేదు, అమెరికాలో ఆ సీజన్ మొత్తానికి నమోదైన పిల్లల ఫ్లూ మరణం ఒక్కటే.

ఇప్పుడు ఊహించిన అంకెలతో ఒక వారం లెక్క కట్టి చూద్దాం. గీత ప్రకారం ఉండాల్సిన మరణాలు 420, ప్రామాణిక విచలనం (సంఖ్యలు మామూలుగా ఎంత ఊగుతాయో చెప్పే కొలత) 29. హెచ్చరిక గీత 420 + 1.645 × 29, అంటే సుమారు 468. నిజంగా జరిగినవి 510. ఇది 468 దాటింది కాబట్టి ఆ వారం ఉధృతి ఉన్నట్టే. అదనపు మరణాలు మాత్రం 510 − 420 = 90. చాలామంది 510 లోంచి 468 తీసి 42 అని రాసేస్తారు. హెచ్చరిక గీత ఉధృతి ఉందా లేదా అని చెప్పడానికి మాత్రమే, తీసివేతకు కాదు.

పన్నెండు వారాల ఉధృతిలో ఉండాల్సినవి 5,040, జరిగినవి 5,760 అనుకుంటే అదనం 720. దీని చుట్టూ పరిధి కట్టాలి. యాదృచ్ఛికంగా జరిగే ఘటనల సంఖ్య ఎంత ఊగుతుందో పాయసాన్ సూత్రం చెబుతుంది, మరణాల సంఖ్యలు అంతకన్నా ఎక్కువగా ఊగుతాయి. ఆ ఊపును రెండు రెట్లుగా తీసుకుంటే విచలనం (2 × 5,040) కు వర్గమూలం, సుమారు 100. దాన్ని 1.96తో గుణిస్తే 197 అటూ ఇటూ. కాబట్టి రాయాల్సింది "720 (523 నుంచి 917)". గీతలోనే ఉన్న అనిశ్చితిని కూడా కలిపితే పరిధి ఇంకా పెరుగుతుంది.

ఏ వల వేశారన్నదే సంఖ్యను అన్నిటికన్నా ఎక్కువగా మారుస్తుంది. 1976 నుంచి 2007 దాకా అమెరికాలో ఫ్లూ సంబంధిత మరణాలను సీడీసీ లెక్కకట్టినప్పుడు, న్యుమోనియా, ఫ్లూ కోడ్‌లకే పరిమితమైతే ఏడాది సగటు 6,309. శ్వాసకోశ, గుండె, రక్తనాళాల మరణాలన్నీ తీసుకుంటే 23,607. అందులోనూ 1986–87 సీజన్‌లో 3,349, 2003–04లో 48,614. ఇంత తేడా ఉన్న చోట "ఏడాదికి సగటున ఇంత" అని ఒక్క అంకె ఇచ్చి ఊరుకోవడం పాఠకుడికి అన్యాయం. కనిష్ఠం, గరిష్ఠం కూడా పక్కన ఉండాలి.

మిగులంతా ఫ్లూదే కాదు, వైరస్ లెక్కను జతచేయండి

చలిగాలులు, ఆర్‌ఎస్‌వీ (శ్వాసకోశానికి సోకే మరో వైరస్), కోవిడ్ కూడా అదే నెలల్లో ప్రాణాలు తీస్తాయి. సైన్ గీత వాటిని విడదీయలేదు. ఉష్ణమండలంలో అయితే ఫ్లూ ఏడాదిలో రెండుసార్లు రావచ్చు, ఏడాది పొడవునా ఉండనూ వచ్చు. అక్కడ సెర్ఫ్లింగ్ గీతను వాడకపోవడమే మంచిది.

దారి ఏమిటంటే, వారంవారం ఫ్లూ ఎంత ఉందో చూపే సంఖ్యను సమీకరణంలో చేర్చడం. పాజిటివ్ శాతం ఒక్కటే వాడితే సరిపోదు. సీజన్ బయట పది శాంపిళ్లు పరీక్షించి రెండు పాజిటివ్ వచ్చినా 20 శాతమే అవుతుంది. ఫ్లూ లాంటి జ్వరంతో డాక్టర్ దగ్గరికి వచ్చినవాళ్ల రేటును పాజిటివ్ శాతంతో గుణించి వాడండి. ఫ్లూ వైరస్‌లోని హెచ్3ఎన్2, హెచ్1ఎన్1, బి రకాలకు విడివిడి పదాలు ఇవ్వండి. పైన చెప్పిన సీడీసీ లెక్కలోనే హెచ్3ఎన్2 ప్రధానంగా ఉన్న సీజన్లలో మరణాల రేటు మిగతా వాటికన్నా 2.7 రెట్లు. ఆర్‌ఎస్‌వీకీ ఉష్ణోగ్రతకూ వేరే పదాలు పెట్టండి. మరణం జబ్బు వెంటనే రాదు కాబట్టి ఒకటి, రెండు వారాల ఎడంతో సరిపెట్టి, ఏది బాగా నప్పితే దాన్ని ఉంచండి.

చివరిగా వైరస్ పదాలన్నీ సున్నా చేసి సమీకరణాన్ని మళ్లీ నడపండి. రెండు గీతల మధ్య తేడాయే ఫ్లూకి చెందే మరణాలు. ఇదంతా వయసుల వారీగా చేయాలి. మామూలు సీజన్లలో మరణాల్లో ఎక్కువ భాగం 65 దాటినవాళ్లవి, 2009 మహమ్మారిలో మాత్రం సుమారు 80 శాతం 65 ఏళ్లలోపువాళ్లవని అంచనా. అన్ని వయసులూ కలిపి నడిపితే ఈ తారుమారు కనిపించనే కనిపించదు.

మరణాల నమోదు సరిగా లేకపోతే ఆస్పత్రి నుంచి పైకి లెక్కకట్టండి

అమెరికా సీడీసీ 2010 తర్వాతి సీజన్లకు ఇలాంటి పద్ధతినే వాడుతోంది. ఊహించిన అంకెలతో: పది లక్షల జనాభాలో ల్యాబ్ నిర్ధారణతో ఆస్పత్రిలో చేరినవాళ్లు 300. శ్వాస జబ్బుతో చేరినవాళ్లలో సగం మందికే పరీక్ష చేశారు, ఆ పరీక్ష 80 శాతం పట్టుకుంటుంది. 300 ÷ 0.5 ÷ 0.8 = 750. వాళ్లలో 4 శాతం ఆస్పత్రిలోనే చనిపోతే 30. ఫ్లూ మరణాల్లో 40 శాతం ఆస్పత్రి బయట జరుగుతాయని మరణ పత్రాలు చెబితే, 30 అనేది మొత్తంలో 60 శాతం. కాబట్టి 30 ÷ 0.6 = 50. ఇక్కడ 30 × 1.4 = 42 అని వేయడం తరచూ జరిగే పొరపాటు.

పరీక్ష చేయనివాళ్లలో కూడా చేసినవాళ్లంత ఫ్లూ ఉందని ఈ లెక్క నమ్ముతోంది. డాక్టర్లు ఫ్లూలా కనిపించినవాళ్లకే పరీక్ష రాసి ఉంటే సంఖ్య ఎక్కువ వస్తుంది. పరీక్షల శాతం, మరణాల శాతం రెండూ వయసును బట్టి మారతాయి, అందుకే పిల్లలకు ఒకటి, నడివయసువాళ్లకు ఒకటి, 65 దాటినవాళ్లకు ఒకటి విడిగా కట్టి చివర్లో కూడండి.

ప్రకటించేటప్పుడు

సంఖ్య పక్కనే పద్ధతి, కోడ్‌లు, వారాలు, పరిధి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మరణాలు అని చెప్పేది ఫ్లూ వల్ల వచ్చే శ్వాసకోశ మరణాలకే, గుండెపోట్లు అందులో లేవు. ఆ "శ్వాసకోశ" అన్న మాట కత్తిరించి ఎత్తిరాస్తే అర్థమే మారిపోతుంది. నిర్ధారిత మరణాలను అంచనా మరణాలతో పక్కపక్కన పెట్టి "ఈ జబ్బు ఆ జబ్బు కన్నా తక్కువ" అని పోల్చకండి. పోల్చాలంటే రెండింటికీ ఒకే పద్ధతి ఉండాలి, లక్ష జనాభాకు రేటు ఉండాలి, వయసుల తేడాను సవరించి ఉండాలి.

తాత్కాలికం అని స్పష్టంగా రాసి, మళ్లీ ఎప్పుడు సవరిస్తారో తేదీ ఇవ్వండి. 2017–18 సీజన్‌కు అమెరికాలో మొదట వెలువడిన అంచనా సుమారు 80,000 మరణాలు. పరీక్షల సమాచారం, ఆస్పత్రి బయటి మరణాల సమాచారం చేరాక అది 61,000కు దిగింది, ఆ తర్వాత ఇంకా తగ్గింది. ప్రతి సవరణకూ పాత ఫైలును తేదీతో భద్రపరచండి, ఏ అంకె ఏ కొత్త సమాచారంతో మారిందో ఒక వరుసలో రాయండి. ఫైలు పేరులో డేటా తీసుకున్న రోజు ఉంటే, ఆరు నెలల తర్వాత ఎవరైనా రెండు సంఖ్యలు పట్టుకుని అడిగినప్పుడు తేడా ఎక్కడ వచ్చిందో అక్కడికక్కడే చూపించగలుగుతారు.